ఐసీఎఫ్ గోడల కిటికీ దగ్గర నీళ్లు ఎటు పోయినయ్: హన్మకొండ దిక్కు ఒక ఇంటి కేస్ స్టడీ

ఐసీఎఫ్‌తోని కట్టిన ఇండ్లు మన దిక్కు ఇంకా తక్కువే, అందుకే ఈ కేసు పూర్తిగ రాస్తున్న. ఇంటాయనను అడిగే రాస్తున్న, పేరు, కాలనీ, ఇంటిని గుర్తుపట్టే వివరాలు తీసేసిన. గోడ, కిటికీ, నీళ్ల సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఉంటది.

తెల్వనోళ్లకు ముందు రెండు ముక్కలు. ఐసీఎఫ్ (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫామ్స్) అంటే గట్టి థర్మాకోల్ బ్లాకులు, ఆ థర్మాకోల్‌నే ఈపీఎస్ అంటరు, లోపల ఒక పలక బయట ఒక పలక, మధ్యల ప్లాస్టిక్ టైలు ఉంటయ్. వరుస మీద వరుస పేర్చుకుంట పోయి నడుమ రాడ్ కట్టి కాంక్రీట్ పోస్తరు, సెంట్రింగ్ విప్పుడు ఉండదు, ఆ ఫోమ్ అట్లనే గోడల ఉండిపోతది. ఈ ఇంట్ల నడుమ కాంక్రీట్ 150 ఎంఎం, ఫోమ్ రెండు దిక్కుల 65 చొప్పున, దాని మీద ఫైబర్ మెష్ వేసి 15 ఎంఎం ప్లాస్టర్. ఇంటాయన చానా ఏండ్లు బయటి దేశంల పనిచేసి రిటైర్ అయి వచ్చిండు, అక్కడ ఇసొంటి ఇండ్లల్ల ఉన్నడు, మన ఎండలకు ఇదే కరెక్ట్ అని పట్టుబట్టి జీ ప్లస్ వన్ కట్టిచ్చుకున్నడు. ఎండ విషయంల ఆయన అనుకున్నది అనుకున్నట్టే అయింది, మే నెల మధ్యాహ్నం పడమటి గోడకు లోపలి నుంచి చెయ్యి పెడితే సల్లగ ఉంటది. ఇబ్బంది మొత్తం కిటికీల దగ్గర్నే.

ఇక్కడ ఒకటి మనసుల పెట్టుకోవాలె. ఇటుక గోడ నీళ్లను కొంత పీల్చుకుంటది, ఎండొస్తే ఆరుతది, చిన్న లీకేజీని అది కడుపుల దాచుకుంటది. ఐసీఎఫ్ గోడ అట్ల దాచుకోదు. ఫోమ్ నీళ్లు పీల్చదు, మంచి కాంక్రీట్ అంత తొందరగ పీల్చదు, ఇగ లోపలికి వచ్చిన నీళ్లు ఫోమ్‌కు కాంక్రీట్‌కు నడుమ ఉన్న సన్నటి సందు పట్టుకొని కిందికి దిగుడే. ఎక్కడ లోపలికి వచ్చినయో అక్కడ కనపడయ్, ఎక్కడ ఫోమ్ తెగి ఉంటదో అక్కడ బయటపడ్తయ్, అంటే స్విచ్ బోర్డు దగ్గర, కింది ఫ్లోర్ కిటికీ తలకాడ, స్కర్టింగ్ మీద.

కంప్లయింట్ ఏంది

నన్ను పిలిచేటప్పటికే ఇంట్ల ఇద్దరు ముగ్గురు పని చేసి పోయిండ్రు. ఇంటాయన ఫోన్ల చెప్పిన మాట ఇది: "తమ్మీ, ముసురు పట్టి రెండు దినాలు కొట్టినా హాల్ల చుక్క రాదు, గాలి దుమారం లేచి పావుగంట వాన పడితే మాత్రం సోఫా కిందికి నీళ్లొస్తున్నయ్. ఇగ ముసురు పోయినంక కింది బెడ్‌రూమ్ గోడ ఉబ్బుతుంది. నాకైతే ఏం అర్థమైతలేదు."

ఆ మాటల్లనే సగం రోగం తెలిసిపోయింది. గాలివానకు హాల్ల వెంటనే వచ్చే నీళ్లు ఒకటి, ముసురు పోయినంక మెల్లగ తేలే తేమ ఇంకొకటి. రెండూ వేరే వేరే దారులు. అప్పటిదాక వచ్చినోళ్లందరు రెండింటినీ ఒకటే లీకేజీ అనుకొని ఒకటే మందు పోసిండ్రు.

మన దగ్గర వాన అంటే ఎంత పడ్డది అనే లెక్కనే అందరికి యాదికొస్తది. 2023 జులై చివర్ల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 ఎంఎం పడ్డది, వరంగల్ల, హన్మకొండల కాలనీలు మునిగినయ్, అది చూసినోళ్లు మర్చిపోరు. కని కిటికీకి ఆ లెక్క సగమే. గాలి ఎంత జోరుగ, ఏ దిక్కు నుంచి కొడుతుందన్నది మిగిలిన సగం. కట్టడాల మీద పడే బరువులకు మన దేశంల ఉన్న కోడ్ ఐఎస్ 875, దాంట్ల గాలి ఒత్తిడికి సూత్రం సింపులే, వేగాన్ని సెకనుకు ఎన్ని మీటర్లని తీసుకొని దాన్ని దానితోనే గుణిచ్చి, వచ్చిన దాన్ని మల్ల 0.6తోని గుణించాలె. గంటకు 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 20 మీటర్లు, ఒత్తిడి 240 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే లెక్క) వస్తది. ఒక ఎంఎం ఎత్తు నీళ్లు దగ్గర దగ్గర 9.8 పాస్కల్స్. అంటే ఆ గాలి నీళ్లను 24 ఎంఎం దాక పైకి నిలబెట్టగలుగుతది. గాలి 90 కిలోమీటర్లు అయితే 38 ఎంఎం. హాలు కిటికీ రెండు పలకల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్, దాని లోపలి ట్రాక్ గట్టు టేపు పెట్టి చూస్తే 30 కూడ లేదు. పైన సజ్జ లేదు, ఎలివేషన్ నున్నగ రావాలని డ్రాయింగ్‌లనే తీసేసిండ్రు. మామిడికాయలు రాల్చే ఆ పడమటి గాలివానకు ఈ కిటికీ నేరుగ ఎదురు నిలబడి ఉంది.

అంతకు ముందు చేసినయ్

మొదలు కిటికీలు బిగిచ్చినోళ్లే వచ్చి చుట్టూ సిలికాన్ కొట్టిండ్రు. అది ఘాటు వెనిగర్ వాసనొచ్చే రకం. ఆ రకం అద్దానికి మంచిగ పడతది కని సిమెంట్ మీద నిలవదు, సిమెంట్‌ల ఉండే క్షారానికి అతుకు ఊడిపోతది. అంతకంటె చెడ్డది ఏందంటే, కింద ట్రాక్ ముందటి దిక్కు నీళ్లు బయటికి పోనీకి కంపెనీయే పెట్టే చిల్లులుంటయ్ గదా, అవే లీకేజీ అనుకొని వాటిని కూడ మూసేసిండ్రు. దాని తర్వాత హాల్ల నీళ్లు ఇంకా ఎక్కువైనయ్, కావాలె గూడ, ట్రాక్‌ల పడ్డ నీళ్లు ఇగ పోయేది ఇంట్లకే.

తర్వాత ఒకాయన పడమటి గోడ మొత్తం ఎలాస్టిక్ పెయింట్ రెండు కోట్లు ఏసిండు. ప్లాస్టర్‌ల ఉన్న వెంట్రుక పగుళ్లకు అది పనికొచ్చింది, కాదనను. కిటికీ మూలలకు మాత్రం ఏం కాలే, పైగా లోపలికి దిగిన నీళ్లు ఆరే దారి లేక కిటికీల కింద పెయింట్ బుడగలు లేచింది.

మూడోది తారు టేపు. ఆలోచన మంచిదే కని టేపు అతకనీకి కొట్టిన ప్రైమర్ సాల్వెంట్ రకం. ఈపీఎస్‌కు పెట్రోలు, థిన్నరు తగిల్తే కరిగిపోతది. ఒక మూల దగ్గర టేపు లేపి చూస్తే వెనక ఫోమ్ లేనే లేదు, వేలు పట్టేంత గుంత పడి ఉంది. టేపు గాలిల నిలబడ్డది. ఈ గోడ మీద పని చేసేటోళ్లు ఏ డబ్బా అయినా తెరిచే ముందు నీళ్లతోని కలిపేదా కాదా అని చదువుకోవాలె, లేకుంటె ఒక ఫోమ్ ముక్క మీద పూసి గంటసేపు చూడాలె.

నీళ్లు కొట్టి చూసుడు

ఏదీ విప్పకముందు హోస్ పైపుతోని టెస్ట్ చేసినం. ఇదంత వరుస మీద ఉంది. పైనుంచి కొడితే నీళ్లు అన్ని జాగల మీదికెళ్లి కారుతయ్, ఏది లీకో తెల్వదు. అందుకని కింది నుంచి మొదలువెట్టాలె. పైభాగం అంత ప్లాస్టిక్ షీటు, టేపు పెట్టి మూసి, ముందు కిటికీ కింది గోడ, తర్వాత గ్రానైట్ అంచు, తర్వాత ట్రాక్, తర్వాత రెండు పక్కలు, చివరకు తలకాయ. ఒక్కో జాగకు పావుగంట నీళ్లు, ఒక మనిషి లోపల టార్చి పట్టుకొని చూస్తుండాలె.

హాలు కిటికీల ట్రాక్ దగ్గరికొచ్చే సరికి నీళ్లు లోపలికి దుంకినయ్. సిలికాన్ గీకి చిల్లులు తెరిచి మల్ల కొడితే చానా తగ్గింది, మొత్తం ఆగలే. ఎందుకంటే ఫ్రేమును కింది నుంచి కూడ స్క్రూలు కొట్టి బిగిచ్చిండ్రు, ట్రాక్ అడుగు చీల్చుకొని స్క్రూ దిగింది, అది నీళ్లకు సక్కగ దారి అయింది. పై బెడ్‌రూమ్ కిటికీ రెండోది. అక్కడ లోపల ఏం కనపడలే, పక్కల మీద కొట్టినంక కొంచెం సేపటికి కింది బెడ్‌రూమ్ కిటికీ తలకాడ చెమ్మ తేలింది. ఇంటామె అది చూసి, "ఇన్ని దినాలు మేము కింది కిటికీనే బాగుచేయించుకున్నం గదా" అన్నది. నిజమే, కింది కిటికీ మీద పెట్టిన పైసలన్నీ దండుగైనయ్.

బెడ్‌రూమ్ కిటికీ విప్పినం. కాంక్రీట్ పోసేటప్పుడు కిటికీ జాగ ఖాళీ ఉంచనీకి చెక్క చట్రం పెడ్తరు, బక్ అంటరు దాన్ని. పక్క చెక్కలు గట్టిగ ఉన్నయ్, బోల్టులు కాంక్రీట్‌ల మంచిగ పట్టినయ్, కని చెక్క ఆరి కుంచుకపోయి కాంక్రీట్‌కు చెక్కకు నడుమ 4, 5 ఎంఎం సందు వచ్చింది. కింది చెక్క సంగతి వేరు. దాని అడుగుకు కాంక్రీట్ సరిగ దిగలే, తేనెతుట్టె లెక్క చిల్లులు చిల్లులుగ ఉంది. కింది చెక్కల వైబ్రేటర్, అంటే కాంక్రీట్‌ను కుదిపి కిందికి దించే మిషన్, పెట్టనీకి జాగ వదలాలె, ఇక్కడ వదలలే. చెక్క తడిసి తడిసి నల్లబడ్డది, ఒక కొసకు చెదలు పట్టింది. దాని మీద గ్రానైట్ పలక బయటి నుంచి లోపలి దాక ఒకటే ముక్క, రసమట్టం పెట్టి చూస్తే వాటం లోపలికి ఉంది.

ఏం చేద్దాం అనే కాడ

ఇంటాయన అడిగింది న్యాయమే, "ఫ్రేములు తియ్యకుంట బయటి నుంచే ఏదన్న చెయ్యరాదా?" అని. బయటి నుంచి ఎంత మంచి సీల్ కొట్టినా అది ప్లాస్టర్‌కు ఫ్రేముకు నడుమ ఉంటది. ప్లాస్టర్ వెనకాల ఫోమ్, ఫోమ్ వెనకాల సందు. ఈ గోడల నమ్మదగ్గ గట్టి వస్తువు కాంక్రీట్ ఒక్కటే, కిటికీ చుట్టూ ఏసే వాటర్‌ప్రూఫింగ్ పోయి ఆ కాంక్రీట్‌కు అతకాలె, అప్పుడే సందుల దిగే నీళ్ల దారి తెగుతది. అది ఫ్రేము తియ్యకుంట కాదు.

రెండో లెక్క, యూపీవీసీ ఎండకు సాగుడు. మీటరుకు ఒక డిగ్రీకి 0.07 ఎంఎం దాక సాగుతది. 1.8 మీటర్ల ఫ్రేము పడమటి ఎండల, చలికాలం తెల్లారుజాముకు 40 డిగ్రీల తేడా పట్టుకున్నా 5 ఎంఎం, అంటే ఒక్కో పక్కకు రెండున్నర. మంచి సీలెంట్ తన వెడల్పుల పావు వంతు సాగుతది, ముడుచుకుంటది. కాబట్టి సందు 10 ఎంఎం ఉండాలె. ఈ ఇంట్ల ఫ్రేముకు గోడకు నడుమ సందే వదలకుంట సిమెంట్ మాలు కూరిండ్రు, పగలక ఏమైతది.

అన్ని కిటికీలు విప్పుడు ఖర్చు. పడమటి దిక్కువి విప్పుదాం, మిగిలిన వాటికి చిల్లులు తెరిచి బయటి సీల్ మార్చి ఒక వానాకాలం చూద్దాం అని ఒప్పుకున్నం. హాల్ల స్లైడింగ్ బదులు నడుమ ఫిక్స్‌డ్ అద్దం, రెండు పక్కల తలుపు లెక్క తెరుచుకునే పలకలు పెట్టాలని చెప్పిన. స్లైడింగ్‌కు బ్రష్షే అడ్డం, తలుపు రకం అయితే లాక్ ఏసినప్పుడు రబ్బరు నొక్కుకుంటది, గాలే రాదు. దానికి మాత్రం ఇంటాయన కొంచెం తటపటాయించి ఒప్పుకున్నడు.

పని

బెడ్‌రూమ్ కిటికీని ట్రయల్‌గ ముందు పెట్టుకున్నం. కింది చెక్క పూర్తిగ తీసేసినం, పక్క చెక్కలు ఉంచినం. అడుగున చిల్లులు ఉన్న కాంక్రీట్ గట్టి జాగ దాక చెక్కి, కుంచుకపోని గ్రౌట్ పోసినం. దాని మీద బయటికి వాటం వచ్చేటట్టు పాలిమర్ కలిపిన మాలు, పది ఇంచులకు ఒక ఇంచు వాలు. లోపలి అంచుకు 40 ఎంఎం గట్టు, రెండు కొసలకు కూడ గట్లు. పైన చెప్పిన 38 లెక్కకే ఈ 40. గట్టు వెనకాల నుంచి ఎల్ క్లాంపులు పెట్టి ఫ్రేము బిగిస్తం, కింది నుంచి ఒక్క స్క్రూ కూడ కొట్టం అని ముందే మాట్లాడుకున్నం.

తర్వాత రెండు పాళ్ల యాక్రిలిక్ సిమెంట్ కోటింగ్, నీళ్ల రకం కాబట్టి ఫోమ్‌కు ఏం కాదు. మూలల్ల ముందు మాలుతోని గుండ్రంగ తిప్పి, మెష్ పెట్టి, ఒక కోటు అడ్డం ఒక కోటు నిలువు. కింద కాంక్రీట్ మీద, ఫోమ్ ముఖం మీదికి ఒక జానెడు, పక్కలకు అడుగు ఎత్తు. అయితే ట్రయల్‌ల ఒకటి బయటపడ్డది. పక్కల చెక్కకు కాంక్రీట్‌కు నడుమ సందు మీదికెళ్లి ఇదే కోటింగ్ ఏస్తే కొన్ని ఎండలకే వెంట్రుక పగులు వచ్చింది, నీళ్లు కొడితే చెమ్మ కనపడ్డది. చెక్క కదులుతది, కాంక్రీట్ కదలదు, సిమెంట్ కలిసింది ఏదైనా ఆ కదలికను తట్టుకోదు. ఆ సందుల మాత్రం ఫోమ్ తాడు పెట్టి పాలీయురేథేన్ సీలెంట్ నింపి, పైన సాగే రకం పూత మార్చినం. తాడు ఎందుకంటే సీలెంట్ రెండు పక్కలకే అతకాలె, వెనకాల కూడ అతికితే సాగలేక చినుగుతది. లోతు వెడల్పుల సగం చాలు.

ఫ్రేము పెట్టకముందు ముందటి అంచుకు మట్టి కట్ట కట్టి ఆ కింది పళ్లెంల నీళ్లు నింపి రెండు గంటలు ఉంచినం. తగ్గలే. మేస్త్రి, "సార్, బాత్రూంల చేసినట్టు కిటికీల కూడ చేస్తరా?" అన్నడు. మరుసటి కిటికీకి మేము అడగక ముందే ఆయనే కట్ట కట్టి నీళ్లు పోసి పెట్టిండు, నాకు చానా సంబురమైంది.

సీల్ కొట్టుడుల ఒక సంగతి ఒప్పించనీకే ఎక్కువ టైం పట్టింది. బయట రెండు పక్కలు, పైన న్యూట్రల్ సిలికాన్ (వెనిగర్ వాసన రాని రకం), కింద మాత్రం కొట్టలే, లోపలికి వచ్చినవి పోవాలె గదా. లోపలి దిక్కు మాత్రం నాలుగు పక్కలు పూర్తిగ గాలి సొరకుంట మూసినం, తక్కువ ఉబ్బే పీయూ (పాలీయురేథేన్) ఫోమ్, దాని మీద సీలెంట్. నీళ్లను లోపలికి తోసేది గాలి. లోపలి దిక్కు గాలి పోయే దారి బంద్ అయితే ఆ సందుల గాలి నిండి బయట ఒత్తిడి, సందుల ఒత్తిడి సమానం అయితయ్, ఇగ నీళ్లను తోసే బలం ఉండదు, వచ్చిన చుక్క తన బరువుకు తానే వాటం మీద బయటికి కారుతది. బయట సందు లేకుంట మూసి లోపల వదిలేస్తే అంత ఉల్టా అయితది, మన దగ్గర ఎక్కువ మంది చేసేది అదే.

గ్రానైట్ రెండు ముక్కలు చేసినం, బయటిది వేరు లోపలిది వేరు. బయటి పలక గోడ దాటి 50 ఎంఎం ముందుకు, అడుగున అంచుకు దగ్గర్ల మిషన్‌తోని 10 ఎంఎం గాడి, నీటి బొట్టు అక్కడ తెగి పడాలె.

పైన సజ్జ పెట్టాల్సిందే అన్న. పాలంపేట రామప్ప గుడి 1213ల కట్టిండ్రు, గుడి చుట్టూ ఆ చూరు ఎంత ముందుకు వచ్చి ఉంటదో చూసినోళ్లకు తెలుసు, వాన గోడను తాకకుంట చేసుడు మన జాగల కొత్త కాదు. ఇక్కడ తేలిక స్టీలు సజ్జ, రెండడుగులు. దాన్ని బిగిచ్చే కాడ ఐసీఎఫ్ మోసం చేస్తది. ప్లాస్టర్ 15, ఫోమ్ 65, అంటే 80 ఎంఎం దాక బోల్టుకు పట్టు లేనే లేదు. మామూలు 100 ఎంఎం ఫాస్ట్‌నర్ కొడితే కాంక్రీట్‌ల దిగేది 20 మాత్రమే, మొదటి గాలికే ఊగుతది. 12 ఎంఎం రాడ్లు కెమికల్‌తోని కాంక్రీట్‌ల 100 దాక దింపి, ఫోమ్ ఉన్నంత మేర ఇనుప గొట్టం తొడిగినం, లేకుంటె నట్టు బిగిస్తుంటే ఫోమ్ నొక్కుకపోయి ప్లాస్టర్ పగులుతది. సజ్జ కింద, కిటికీ తలకాడ ఫోమ్‌ను కాంక్రీట్ దాక గాడి కోసి వాలుగ అల్యూమినియం రేకు దూర్చి సీలెంట్‌ల కూర్చోబెట్టినం, పై నుంచి సందు పట్టుకొని దిగే నీళ్లు ఈ రేకు మీద పడి బయటికి పోవాలె. పనిల అన్నిటికంటె ఓపిక పట్టింది ఇదే.

తర్వాత ఏమైంది

మల్ల మే నెల గాలివానలు వచ్చినయ్, హాల్ల చుక్క రాలే. దుమారం అయినంక ఇంటాయన కిటికీ కింది అంచు నుంచి నీళ్లు బయటికి కారుతుంటే వీడియో తీసి పంపి "లీకైతుంది" అన్నడు. అది లీకు కాదు సార్, పని చేస్తుంది అని చెప్పిన. ముసురు పోయినంక కింది బెడ్‌రూమ్ గోడ పొడిగనే ఉంది. పాత తేమ ఆరనీకి మాత్రం చానా టైం తీసుకుంది, రెండు దిక్కుల ఫోమ్ ఉన్న గోడ తొందరగ ఆరదు. అందుకని పుట్టీ, పెయింట్ వెంటనే ఏయనియ్యలే.

విప్పకుంట వదిలిన వాటిల్ల ఉత్తరం దిక్కు ఒక కిటికీ మూలకు ఆ వానాకాలంలనే మచ్చ వచ్చింది. అది కూడ అదే పద్ధతిల విప్పి చేయించుకున్నడు. తూర్పు దిక్కువి ఇప్పటిదాక బాగనే ఉన్నయ్, వాటి మీద పోర్టికో స్లాబు ఉంది.

కొత్తగ ఐసీఎఫ్ కట్టేటోళ్లు నన్ను అడిగితే కాంక్రీట్ పోయక ముందే ఇవి డ్రాయింగ్‌ల పెట్టమంటున్న: కింది చెక్కల వైబ్రేటర్ దిగే జాగ, సజ్జకు స్లాబు నుంచే రాడ్లు వదులుడు, ఫ్రేము కొలత రంధ్రం కంటె చుట్టూ 10 ఎంఎం తక్కువ. ఇవి ముందు చేస్తే పెద్ద ఖర్చు కాదు, తర్వాత చేస్తే ఈ ఇంటి లెక్కనే మెటీరియల్ కంటె కూలీ ఎక్కువైతది. ఇప్పటికే ఉంటున్నోళ్లయితే ఏటా రోహిణి కార్తె రాకముందే ట్రాక్‌ల దుమ్ము తీసి, ఆ చిల్లులల్ల సన్న పుల్ల పెట్టి, ఒక చెంబు నీళ్లు పోసి బయటికి పోతున్నయా లేదా చూసుకోండ్రి.